పాత మిల్లుకు కొత్త మోటారు: కొనే ముందు చూడవలసినవి

ఈపురుపాలెం: ఈ ఊరి చేనేత మగ్గానికి కాళ్ళూ చేతులే బలం. మోటారుతో దానికి పనిలేదు. కాని నేతగాని కంచంలోకి వచ్చే బియ్యాన్ని ఆడించేది మాత్రం మోటారే. బాపట్ల, రేపల్లె, తెనాలి వైపు ఎటు వెళ్ళినా వరి పొలాలే. ఆ ధాన్యం మిల్లు చేరక తప్పదు. పాత మిల్లులో మోటారు మొరాయిస్తే యజమానికి ఒకటే ప్రశ్న: బాగుచేయించాలా, కొత్తది కొనాలా? షాపువాడు చెప్పే ధర ఒక్కటే చూసి తేల్చుకుంటే, అక్కడ మిగిలిన సొమ్ము కరెంటు బిల్లులో పోవచ్చు.

ఒక షాఫ్టు, పది బెల్టులు

వెనుకటి మిల్లులు ఆయిల్ ఇంజనుతో నడిచేవి. ఇంజను తిప్పే పొడవాటి షాఫ్టు నుంచి హల్లరుకు, జల్లెడకు, ఎలివేటరుకు బెల్టులు ఉండేవి. కరెంటు వచ్చాక చాలాచోట్ల ఇంజను స్థానంలో పెద్ద మోటారు చేరింది గాని షాఫ్టూ, బెల్టులూ అలాగే ఉండిపోయాయి. ఒక్క జల్లెడ ఆడాలన్నా షాఫ్టంతా తిరగాలి. బెల్టుల జారుడులో, బేరింగుల ఒరిపిడిలో కొంత శక్తి వృథా. ఆ ఒక్క మోటారు కాలితే మిల్లంతా మూత. యంత్రానికొక మోటారు పెడితే ఈ బాధ తప్పుతుంది.

ముందు రోగం తెలుసుకోవాలి

ఆగిన ప్రతి మోటారూ కాలిపోయినట్లు కాదు. పాత స్లిప్ రింగ్ మోటార్లలో కార్బన్ బ్రష్షులు అరిగినా, రింగులు గరుకెక్కినా నిప్పురవ్వలు లేస్తాయి. ఊక, తవుడు ధూళి ఉన్నచోట అది అగ్ని ప్రమాదమే. బ్రష్షులు, బేరింగులు, స్టార్టరు చూసిన తరువాతే వైండింగు విప్పించాలి.

రీవైండింగులోనూ జాగ్రత్త అవసరం. పాత తీగ తీయడానికి స్టేటరును అదుపులేని మంటలో కాలిస్తే ఇనుప రేకుల మధ్య పూత చెడుతుంది. మోటారు తిరుగుతుంది గాని వేడెక్కుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది.

లెక్క ఇలా చూడాలి

20 హార్స్ పవర్ మోటారు, అంటే సుమారు 15 కిలోవాట్లు, పూర్తి బరువుతో ఏడాదికి 3000 గంటలు నడుస్తుందనుకుందాం. దాని సామర్థ్యం 86 శాతం, కొత్తదాని సామర్థ్యం 91 శాతం అయితే ఏటా సుమారు 2,880 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ ఏడు రూపాయలైతే అది 20 వేల రూపాయల పైమాట. ఏడాదిలో రెండు నెలలే ఆడే మిల్లుకు ఇంత మిగలదు. అక్కడ మంచి రీవైండింగు చాలు.

వేగం తప్పితే నూక

960 చుట్లు తిరిగే మోటారు తీసి 1440 చుట్లది బిగిస్తే యంత్రం ఒకటిన్నర రెట్లు వేగంగా తిరుగుతుంది. బియ్యం నూకవుతుంది, బేరింగులు చెడతాయి. అప్పుడు మోటారు మీది 10 అంగుళాల పుల్లీకి బదులు సుమారు 6.7 అంగుళాలది వేయాలి.

వేగాన్ని తగ్గించే, పెంచే ఎలక్ట్రానిక్ డ్రైవు అన్ని యంత్రాలకూ లాభించదు. గాలి తోలే బ్లోయరును 80 శాతం వేగంతో నడిపితే శక్తి దాదాపు సగమే పడుతుంది. ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగే యంత్రానికి అటువంటి ఆదా ఉండదు. పాత వైండింగు డ్రైవు పంపే వోల్టేజి పోట్లను తట్టుకోలేకపోవచ్చు. డ్రైవు పెట్టెలోకి ధూళి, ఉప్పుగాలి చేరకుండా చూడాలి. స్విచ్ తీసినా లోపల కొన్ని నిమిషాలు కరెంటు నిలిచే ఉంటుంది. వెంటనే మూత తెరవరాదు.

ప్రాణం ముందు

తిరిగే బెల్టుకు పంచె కొంగు, తువ్వాలు తగిలితే మనిషిని లాగేస్తుంది. తిరిగే భాగాలకు కంచె ఉండాలని, నడిచే షాఫ్టు దగ్గర పనిచేసే వారికి ఒంటికి అంటిపెట్టుకునే దుస్తులు యజమానే ఇవ్వాలని 1948 నాటి కర్మాగారాల చట్టమే చెప్పింది. మిల్లు చిన్నదైనా ఇనుప జాలీ తప్పనిసరి. బెల్టు మార్చేటప్పుడు మెయిన్ స్విచ్ తీసి, ఫ్యూజులు పనివాని జేబులో ఉంచుకోవడం మంచిది.

షాపుకు బయలుదేరే ముందు పాత మోటారు పలకపై ఉన్న హార్స్ పవర్, వేగం, వోల్టులు, ఆంపియర్లు, దానితోపాటు షాఫ్టు లావు, పుల్లీల కొలతలు కాగితం మీద రాసుకోవాలి. పలక అరిగి అక్షరాలు కనిపించకపోతే ఎలక్ట్రీషియను చేత కొలిపించి రాసుకోవాలి.