రంగుల దీపపు పట్టీలు

మా కళాశాల విజ్ఞాన ప్రదర్శనమునకై విద్యార్థులు ద్వారబంధమునకు రెండు ఎల్.ఇ.డి. పట్టీలు కట్టిరి. ఒక్కొక్కటి 5 మీటర్లు. నడిపించుటకు ఆర్డ్యూయినో ఊనో అను చిన్న పలక. మీట నొక్కగా మొదట తెల్లని వెలుగు, పోను పోను పసుపు, చివర ఎరుపు! వారు ప్రోగ్రామును రెండు గంటలు తరచిచూచిరి. ప్రోగ్రాము సరిగానే యున్నది. చిక్కంతయు తీగలలో నున్నది.

డబ్ల్యు.ఎస్.2812బి అను ఈ రకపు పట్టీలో మీటరుకు 60 దీపములు. ప్రతి దీపములోను ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు డయోడులు గలవు. మూడును నిండుగా వెలిగినచో దీపమునకు గరిష్ఠముగా సుమారు 60 మిల్లీ ఆంపియర్లు కావలెను. 300 దీపములకు లెక్క కట్టుడు: 18 ఆంపియర్లు! ఇంత ప్రవాహము పలుచని రాగిరేకు వెంట పోవలెను. ఓమ్ నియమము ననుసరించి రేకు నిరోధము వలన దారిలోనే వోల్టేజి తరిగిపోవును. నీలము, ఆకుపచ్చ డయోడులకు సుమారు 3 వోల్టులు కావలెను. ఎరుపునకు 2 చాలును. కావుననే కొసన ఎరుపు మాత్రము మిగిలినది.

నివారణ మేమి? ప్రతి పట్టీకిని 5 వోల్టుల సరఫరా పెట్టె నుండి లావు తీగలను రెండు కొసలకును వేరుగా తెచ్చితిమి. పలక నుండి పట్టీకి విద్యుత్తు నీయరాదు; దాని యు.ఎస్.బి. ఫ్యూజు అర ఆంపియరుది. అయినను పలక ఋణధ్రువమును పెట్టె ఋణధ్రువముతో తప్పక కలుపవలెను. వోల్టేజి యనగా రెండు బిందువుల నడుమ భేదమే కదా! కొలతకు మొదలు ఒక్కటి కానిచో పలక పంపు సంకేతము పట్టీకి బోధపడదు.

ఆ సంకేతము నడచు తీరు ముచ్చటైనది. విందుబంతిలో అప్పడముల బుట్ట చేతులు మారినట్లు, ప్రతి దీపము మొదటి 24 బిట్లను తాను తీసికొని తక్కినవి పక్కదాని కందించును. సెకనుకు 8 లక్షల బిట్లు. 300 దీపములకు కబురు చేరుటకు 9 మిల్లీసెకన్లు చాలును. నడుమ ఒక దీపము చెడెనా, సాధారణముగా దాని తరువాతి వానికి కబురుండదు.

ఇక జ్ఞాపకశక్తి. పలకకున్నది 2048 బైట్లు మాత్రమే. దీపమునకు 3 చొప్పున 600 దీపములకు 1800 పోవును. ప్రోగ్రామునకు మిగులునది స్వల్పము. మూడవ పట్టీకి చోటే లేదు. మాకు రెండింటను ఒకే రంగులు కావలసియుండెను గనుక రెండు సంకేతపు తీగలను ఒకే కాలికి కలిపితిమి. 900 బైట్లతో పని జరిగినది.