ఇంటిపై సౌరవిద్యుత్తు: వ్యయ, ఆదాల అంచనాలో ఉపాంత విశ్లేషణ

కోటి గృహాలపై సౌరఫలకాలను అమర్చే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజనను ప్రారంభించింది. నాటి నుంచి గ్రామాలలో విస్తరణ శాస్త్రవేత్తలకు ఎదురవుతున్న ప్రశ్న ఒక్కటే: ఎన్ని కిలోవాట్లు పెట్టించుకోవాలి? కరెంటు బిల్లును యూనిట్లతో భాగించి, వచ్చిన సగటు ధరతో సౌర ఉత్పత్తిని హెచ్చించి ఆదాను చూపడం వాడుకలో ఉన్న పద్ధతి. ఈ పద్ధతి రైతు కుటుంబాన్ని అవసరానికి మించిన పెట్టుబడికి, అప్పుకు పురికొల్పగలదు.

సస్యశాస్త్రం ఎరిగినవారికి ఇందలి దోషం సులభంగానే బోధపడుతుంది. నత్రజని మోతాదు పెరిగే కొద్దీ అదనపు కిలోకు లభించే అదనపు దిగుబడి తగ్గుతుంది. గరిష్ఠ దిగుబడినిచ్చే మోతాదు, గరిష్ఠ నికరాదాయమిచ్చే మోతాదు ఒకటి కావు. సౌరఫలకాలకు కూడా ఇదే క్షీణ ప్రతిఫల సూత్రం వర్తిస్తుంది. బిల్లులో ముందుగా తగ్గేవి పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లు. చవకైనవి చివరికి మిగులుతాయి.

ఒక ఉదాహరణ

ఆంధ్రప్రదేశ్‌లో 2022–23 టారిఫ్ ప్రకారం గృహ వినియోగానికి యూనిట్ ధర మొదటి 30 యూనిట్లకు రూ. 1.90, 75 వరకు రూ. 3.00, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6.00, 400 వరకు రూ. 8.75. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి ఇంధన చార్జీ రూ. 1,673, సగటున యూనిట్‌కు రూ. 5.58.

ఒక కిలోవాట్ ఫలకాలు రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తాయనుకొందాము. సగటు ధర లెక్కలో ప్రతి కిలోవాట్‌కు ఏటా సుమారు రూ. 8,030 ఆదా కనబడుతుంది. శ్లాబుల వారీగా గణిస్తే మొదటి కిలోవాట్ ఆదా రూ. 11,115, రెండవదానిది రూ. 7,200, మూడవదానిది రూ. 1,764 మాత్రమే. మూడవ కిలోవాట్ వల్ల నెలకు 60 యూనిట్లు మిగులుతాయి గాని, మిగులుకు డిస్కమ్ చెల్లించే ధర సాధారణంగా పై శ్లాబుల ధర కంటె చాలా తక్కువ.

ఇక వ్యయం. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కటి రూ. 50,000, మూడవదానికి రూ. 45,000 అనుకొందాము. కేంద్ర రాయితీ మొదటి రెండింటికి రూ. 30,000 చొప్పున, మూడవదానికి రూ. 18,000, గరిష్ఠంగా రూ. 78,000. రాయితీ పోను పెట్టుబడి వరుసగా రూ. 20,000, 20,000, 27,000. అది తిరిగి రావడానికి మొదటి కిలోవాట్‌కు 1.8, రెండవదానికి 2.8 సంవత్సరాలు పడుతుంది. మిగులును లెక్కించకపోతే మూడవదానికి 15 సంవత్సరాలు దాటుతుంది. అదే ఇంటి వాడకం 400 యూనిట్లయితే మూడవ కిలోవాట్ ఏటా రూ. 6,480 మిగిల్చి, సుమారు నాలుగేళ్లలోనే పెట్టుబడిని తిరిగి ఇస్తుంది.

గమనించవలసిన అంశాలు

తెలంగాణలో 2024 నుంచి అమలవుతున్న గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. అట్టి కుటుంబానికి సౌరఫలకాల వల్ల బిల్లులో ఆదా శూన్యం.

ఫలకాల జీవితకాలం 25 సంవత్సరాలుగా లెక్కిస్తారు. ఏటా ఉత్పత్తి కొద్దిగా తగ్గుతుంది. ఈ వ్యవధిలో ఇన్వర్టర్‌ను కనీసం ఒకసారి మార్చవలసి రావచ్చు. కొబ్బరి, వేప చెట్ల నీడ కొన్ని సెల్‌లపై పడినా వరుసగా కలిపిన ఫలకాల ఉత్పత్తి కుంటుపడుతుంది. బ్యాటరీ లేని గ్రిడ్ అనుసంధాన వ్యవస్థ కరెంటు పోయినప్పుడు పనిచేయదు. స్థిర చార్జీలు యథాతథంగా కొనసాగుతాయి.

సిఫారసు

సలహా ఇచ్చే ముందు పన్నెండు నెలల బిల్లులను సేకరించాలి. వేసవిలో వాడకం, వానాకాలంలో ఉత్పత్తి మారుతాయి కనుక నెలవారీగా, శ్లాబుల వారీగా ఆదాను గణించాలి. స్థానికంగా చెప్పిన ధరను, ప్రస్తుత టారిఫ్‌ను తీసుకొని ప్రతి అదనపు కిలోవాట్‌ను విడిగా పరీక్షించాలి. దాని వార్షిక ఆదా, దానికై తెచ్చిన రుణపు వార్షిక వాయిదాను మించినంత వరకే సామర్థ్యాన్ని పెంచడం యుక్తం. బిల్లును సున్నా చేసే పరిమాణం కంటె పెట్టుబడికి తగిన ఫలమిచ్చే పరిమాణమే రైతు కుటుంబానికి మేలు.