పని అయిపోయింది... మెషిన్ ఆగిందా?

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 1957లో బ్యారేజీ పూర్తయ్యాక అంత నీరు రావడం అదే మొదటిసారి. మాది భవానీపురం. కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్‌ వైపు పోలీసులు ఎవర్నీ వెళ్లనివ్వట్లేదు. అటు బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్‌లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అప్పటికి నేను ఒక ఉద్యోగం మానేసి, ఇంకోదాని కోసం తిరుగుతున్నా. రెజ్యూమెలో చూపించడానికి చెప్పుకోదగ్గ ప్రాజెక్టు ఒక్కటీ లేదు. ఊరు మొత్తం ఎక్కడెక్కడ మునిగిందో ఉపగ్రహ చిత్రాలతో లెక్కకడితే ఎలా ఉంటుంది అనిపించింది.

సెంటినెల్-1 అనే యూరప్ ఉపగ్రహం రాడార్ చిత్రాలు తీస్తుంది. మబ్బులున్నా, రాత్రయినా దానికి ఇబ్బంది లేదు. డేటా ఎవరైనా వాడుకోవచ్చు. వరదకు ముందు, తర్వాత తీసినవి కలిపి 60 చిత్రాలు ఎంచుకున్నా. ఒక్కోటీ దాదాపు ఒక జీబీ. నా ల్యాప్‌టాప్‌లో ఒక చిత్రాన్ని శుభ్రం చేసి నీళ్లున్న చోటు గుర్తించడానికి 40 నిమిషాలు పట్టింది. మొత్తానికి 40 గంటలు! ఫ్యాను మోతకి ఇంట్లో వాళ్లే తిట్టారు. అలా క్లౌడ్‌లో బ్యాచ్ జాబ్స్ వైపు వెళ్లాను.

బ్యాచ్ జాబ్ అంటే మీకు తెలియని వింతేమీ కాదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో అందరూ వెబ్ ఆప్షన్లు పెట్టాక, ఒకేసారి సీట్లు కేటాయిస్తారు కదా, అలాంటిది. మధ్యలో ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు. డేటా ఇస్తాం, ప్రోగ్రామ్ నడుస్తుంది, ఫలితం వస్తుంది, ఆగిపోతుంది. ఆగిపోవాలి! నా కథంతా ఆ చివరి మాట దగ్గరే.

నా 60 చిత్రాల పని క్లౌడ్‌లో మూడున్నర గంటల్లో అయిపోయింది. సంతోషంగా ల్యాప్‌టాప్ మూసేసి దసరా పండగలో పడ్డాను. తొమ్మిది రోజుల తర్వాత బిల్లు చూస్తే జీఎస్టీతో కలిపి పంతొమ్మిది వేల చిల్లర. ఆ నెల ఇంట్లో నా వంతుగా ఇవ్వాల్సిన డబ్బు అది. ఎవరూ మోసం చెయ్యలేదు, తప్పు నాదే. ఒక గడిలో 0 ఉండాల్సిన చోట 16 అని కొట్టాను.

ముఠా లెక్క

ఆ గడి ఏంటో తెలియాలంటే ముందు అమరిక అర్థం కావాలి. నేను ఏడబ్ల్యూఎస్ బ్యాచ్ పేర్లతో చెప్తాను. గూగుల్, అజూర్‌లలోనూ ఇలాంటి సర్వీసులున్నాయి. పేర్లు మారతాయి, ఆలోచన ఒకటే.

మన డెల్టాలో వరినాట్లకు ముఠాను పిలవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఎంతమంది రావాలి, కూలి ఎంత అన్నది ముందే మేస్త్రీతో మాట్లాడుకుంటారు. బ్యాచ్‌లో ఆ ఒప్పందమే ‘కంప్యూట్ ఎన్విరాన్‌మెంట్’. ఏ రకం మెషిన్లు, ఏ రీజియన్, ఏ నెట్‌వర్క్, కనీసం ఎన్ని వర్చువల్ సీపీయూలు, గరిష్ఠంగా ఎన్ని అన్నవి ఇక్కడే పెడతాం. ఏ చేను ముందు, ఏది తర్వాత అన్న వరస ‘జాబ్ క్యూ’. ఒక్కో పనికి ఏ డాకర్ ఇమేజ్ వాడాలి, ఎంత మెమరీ ఇవ్వాలి, ఏ కమాండ్ నడపాలి అన్న వివరం ‘జాబ్ డెఫినిషన్’.

కనీస సీపీయూలు 0 అని పెడితే, క్యూలో పని ఉన్నప్పుడే మెషిన్లు లేస్తాయి. పని అయ్యాక కాసేపటికి వాటంతటవే పోతాయి. నేను 16 పెట్టాను, మెషిన్ సిద్ధంగా ఉంటే పని త్వరగా మొదలవుతుందని. అంటే నాట్లు లేని రోజున కూడా ముఠాను గట్టు మీద కూర్చోబెట్టి కూలి ఇచ్చినట్టు. బ్యాచ్ సర్వీసుకి విడిగా ఛార్జీ లేదు, అది నిజమే. కానీ అది లేపిన మెషిన్లకు ఉంటుంది. ‘బ్యాచ్ ఫ్రీ’ అని వీడియోల్లో విని మోసపోకండి.

ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. అయితే అలర్ట్ మెయిల్ పంపుతుందే గానీ దానంతట అది మెషిన్‌ను ఆపదు. పైగా బిల్లింగ్ లెక్కలు కొన్ని గంటలు ఆలస్యంగా వస్తాయి. కాబట్టి అసలు కాపలా గరిష్ఠ సీపీయూల గడిదే. అక్కడ 16 పెడితే, మీరు పొరపాటున వెయ్యి జాబ్స్ పంపినా మెషిన్లు 16 సీపీయూల దగ్గరే ఆగుతాయి, మహా అయితే ఒక్క మెషిన్ ఎక్కువ లేవొచ్చు, మిగతావి క్యూలో ఆగుతాయి.

ఎక్కడ నడపాలి?

హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచి ఏడబ్ల్యూఎస్ రీజియన్ ఉంది. ముంబయిలో అంతకు ముందే వచ్చింది. మన ఊరి డేటా కదా, మన హైదరాబాద్‌లోనే నడుపుదామని మొదట అదే ఎంచుకున్నా. తీరా నేను వాడుతున్న సెంటినెల్ కాపీ ఫ్రాంక్‌ఫర్ట్ రీజియన్‌లో ఉంది. ప్రతి చిత్రం అక్కణ్నుంచి ఇక్కడికి రావాలి, ఆ రవాణాకు డబ్బులు, సమయం రెండూ. డేటాను మెషిన్ దగ్గరకు లాక్కురావడం కంటే, డేటా ఉన్న చోటే మెషిన్‌ను లేపడం మేలు. ఫ్రాంక్‌ఫర్ట్‌కి మారిపోయాను. విజయవాడ వరద లెక్క జర్మనీలో తేలింది!

మెమరీ దగ్గర రెండుసార్లు దెబ్బ తిన్నా. 4 జీబీ ఇస్తే కంటైనర్ మధ్యలోనే చచ్చిపోయి 137 అన్న ఎగ్జిట్ కోడ్ వచ్చింది. ఆ అంకె కనిపిస్తే ముందుగా మెమరీనే అనుమానించండి. సరే అని సరిగ్గా 8,192 ఎంబీ అడిగి, 8 జీబీ మెషిన్ మాత్రమే ఇచ్చాను. ఈసారి అసలు మొదలే కాలేదు. మెషిన్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ కొంత వాడుకుంటుంది కదా, పూర్తి 8 మిగలదు. చివరికి 7,000 ఎంబీ అడిగి, మెషిన్‌ను కూడా పెద్దదానికి మార్చాక నడిచింది.

అలా మొదలవ్వని జాబ్ ‘రన్నబుల్’ అనే స్థితిలో వేలాడుతూ ఉంటుంది. పేరు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, ఎర్ర రంగు ఎర్రర్ కూడా కనిపించదు. కొత్తవాళ్లు గంటల తరబడి కూర్చునేది ఇక్కడే. నేను వెతికే వరస చెప్తా: అడిగిన మెమరీ పట్టే మెషిన్ ఇచ్చానా? సబ్‌నెట్ నుంచి ఇంటర్నెట్‌కి దారి ఉందా? మెషిన్‌కి ఇచ్చిన ఐఏఎం రోల్ సరైనదేనా? కొత్త ఖాతాలకు సీపీయూ కోటా తక్కువగా ఉంటుంది, అది దాటానా?

60 చిత్రాలకు 60 సార్లు సబ్మిట్ చెయ్యక్కర్లేదు. ‘అరే జాబ్’ అని ఒక్కసారే పంపితే ప్రతిదానికీ 0 నుంచి 59 దాకా ఒక నంబరు వస్తుంది. ఫైళ్ల జాబితాలో ఆ వరసలో ఉన్న చిత్రాన్ని తీసుకోమని కోడ్‌లో రాస్తే చాలు.

ఖర్చు తగ్గించుకోవడానికి స్పాట్ మెషిన్లున్నాయి. మామూలు రేటు కంటే చాలా తక్కువ, గరిష్ఠంగా 90 శాతం వరకు తగ్గింపు అంటారు. మెలిక ఏంటంటే, రెండు నిమిషాల ముందు చెప్పి మెషిన్‌ను వెనక్కి తీసేసుకోవచ్చు. కాబట్టి ఒకే జాబ్ రెండుసార్లు నడిచినా ఫలితం చెడకూడదు. నేను ప్రతి చిత్రం ఫలితాన్నీ దాని పేరుతోనే ఎస్3లో రాయించాను. మళ్లీ నడిస్తే అదే ఫైలు మీద రాస్తుంది, నకళ్లు పోగవ్వవు. రీట్రై 3 సార్లు పెట్టాను.

ఇంటర్వ్యూలో అడిగింది

హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఈ ప్రాజెక్టు చూపించాను. మ్యాప్ చూసిన మేడమ్ మొదటి ప్రశ్న: “పొలాలన్నీ మునిగినట్టు చూపిస్తోంది, సింగ్‌నగర్ సందుల్లో నీళ్లేవి?” నిజమే. నిలిచిన నీరు రాడార్‌లో నల్లగా కనిపిస్తుంది. కానీ ఇళ్ల మధ్య నీళ్లుంటే తరంగం నీటి మీద, గోడ మీద కొట్టుకుని తిరిగొచ్చి, ఆ చోటు ఇంకా తెల్లగా కనిపించొచ్చు. నా కోడ్ నలుపునే వెతికింది. అంటే ఎక్కువ మంది ఇబ్బంది పడ్డ చోటే నా మ్యాప్ తప్పు. ఆ మాటే చెప్పాను.

రెండో ప్రశ్న, “పని లేనప్పుడు నీ మెషిన్లు ఏం చేస్తుంటాయి?” బిల్లు సంగతి దాచాలనిపించింది గానీ చెప్పేశాను. ఆవిడ నవ్వి, ఇకముందు అలా జరక్కుండా ఏం చేశావో బోర్డు మీద గియ్యమన్నారు. కోడ్ గురించి అడిగింది పది నిమిషాలు, దీని గురించి అరగంట. ఉద్యోగం వచ్చింది.

మీరూ ఒకటి చేసి చూడండి. ఉపగ్రహాలే అక్కర్లేదు, మీ కాలేజీ ఫెస్ట్ ఫొటోలు ఓ 500 సైజు తగ్గించే పనైనా చాలు. రెజ్యూమెలో ‘క్లౌడ్ తెలుసు’ అని కాకుండా ఎన్ని ఫైళ్లు, ఎంతసేపు, ఎన్ని రూపాయలు అని రాయండి. అయ్యాక జాబ్ క్యూను ముందు డిసేబుల్ చేసి డిలీట్ చెయ్యండి, తర్వాత కంప్యూట్ ఎన్విరాన్‌మెంట్‌ను కూడా అలాగే. ఎస్3లో మిగిలిన ఫైళ్లు తీసెయ్యండి. మర్నాడు పొద్దున టీ తాగుతూ బిల్లింగ్ పేజీ ఇంకోసారి తెరవండి.