రబ్బరుకు చలి

రావులపాలెంలో చలి అంటే ధనుర్మాసపు చలి. తెల్లవారుజామున గౌతమి మీద మంచు తెర పరచుకొంటుంది. జొన్నాడ వైపునుంచి వంతెన ఎక్కినవారికి ఆవలి ఒడ్డు కనిపించదు. అరటి గెలల లారీలు దీపాలు వెలిగించుకొని మెల్లగా సాగుతూంటాయి. ఇటువంటి ఉదయాలలోనే, సంక్రాంతికి హైదరాబాదునుంచో బెంగుళూరునుంచో స్వగ్రామాలకు చేరుకొనే యువకుల స్పోర్ట్సు కార్లు కూడా ఈ దారిన వస్తాయి. అటువంటి కారు పట్టు తప్పి జారితే, చలికి టైరు బిగుసుకున్నదని ఒకరంటారు, మంచుకు రోడ్డు తడిసిందని మరొకరంటారు. ఈ రెండూ వేర్వేరు కారణాలు. ఏది ఎక్కడ పనిచేస్తుందో తెలియడం ప్రాణావసరమైన విషయం.

కారు ఎంత పెద్దదైనా, భూమికి తగిలి ఉండేది ఒక్కొక్క చక్రం కింద ఇంచుమించు అరచేయి పాటి జాగా మాత్రమే. ఆ కాస్త రబ్బరే బండిని నడపాలి, మలపాలి, ఆపాలి. మెత్తని రబ్బరు రోడ్డులోని కంకర గరుకులోకి ఒదిగి, రాతిని అంటిపెట్టుకొని ఉంటుంది. ఒదగాలంటే మెత్తదనం ఉండాలి. మెత్తదనానికి వెచ్చదనం కావాలి. బెల్లపు పాకం వేడిగా ఉన్నప్పుడు వేలికి అంటుకొని సాగుతుంది, చల్లారితే పటుక్కున విరుగుతుంది. పచ్చి రబ్బరు స్వభావమూ దాదాపు అంతే. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి కాచే పద్ధతిని కనిపెట్టేవరకూ, రబ్బరు వస్తువులు ఎండకు జిగురై, చలికి పెళుసై నిరుపయోగమయ్యేవి. గంధకం ఆ గుణాన్ని అదుపు చేసింది గాని, పూర్తిగా తొలగించలేదు.

ఇందుకు లోకం చూచిన సాక్ష్యం ఒకటున్నది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన కొద్దిసేపటికే నాశనమై, అందులోని ఏడుగురూ మరణించారు. ఆనాటి ఉదయం చలి విపరీతం. విచారణ సంఘంలో సభ్యుడైన రిచర్డ్ ఫైన్‌మన్, రాకెట్టు అతుకులో వాడిన రబ్బరు ముక్కను బిగింపులో నొక్కి, మంచుముక్కలు వేసిన నీటి గ్లాసులో ముంచి, అందరి ఎదుటా బయటకు తీసి వదిలాడు. రబ్బరు వెంటనే యథాస్థితికి రాలేదు. ఇంత సులువైన ప్రయోగంతో అంత పెద్ద విషయం తేల్చడం నాకెప్పుడూ అబ్బురమే.

స్పోర్ట్సు కారు టైర్లు వేసవి రోడ్డును దృష్టిలో పెట్టుకొని చేసినవి. వేడెక్కినకొద్దీ పట్టు హెచ్చే రబ్బరు మిశ్రమం వాటిది. సుమారు 7 డిగ్రీలకు దిగువన అటువంటి టైరు గట్టిపడి పట్టు కోల్పోతుందని తయారీదారులే హెచ్చరిస్తారు. గడ్డకట్టే చలిలో బండి కదిపితే కొన్ని రకాల టైర్లు బీటలు వారుతాయి కూడా. ఇక ఇంజను బలం చూడండి: మామూలు కారులో కాలు కాస్త గట్టిగా నొక్కినా చక్రం జారదు, ఈ కారులో అదే నొక్కుడుకు వెనుక చక్రాలు గిర్రున తిరిగి, బండి తోక పక్కకు పోతుంది.

అయితే రావులపాలెంలో పుష్యమాసంలోనైనా 7 డిగ్రీలు రావు. ఆ చలి చూడాలంటే లంబసింగి వెళ్ళాలి. కొర్రబొయలు అని కూడా పిలిచే ఆ మన్యపు ఊరు సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్నది. శీతకాలపు వేకువలలో అక్కడ ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు లోపల పడిన రోజులున్నాయి. మంచు చూడాలని కోనసీమనుంచి కార్లలో వెళ్ళేవారు చాలామంది. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 32 పౌన్ల గాలి పట్టించుకొని బయలుదేరిన టైరులో, 5 డిగ్రీల చలికి దాదాపు 4 పౌన్లు తగ్గుతాయి. కొండమీద బయటి గాలి పలచన గనుక మీటరు అంత తరుగు చూపదు. రాత్రంతా చలిలో నిలిచిన కారును తెల్లవారగానే ఘాటు మలుపుల్లోకి దూకించడమే అసలు ప్రమాదం. పది పదిహేను మైళ్ళు నెమ్మదిగా నడిస్తే టైరు తనంత తానే వెచ్చబడుతుంది. ఫార్ములా వన్ పందెగాళ్ళు ఇందుకే టైర్లకు విద్యుత్తు కంబళ్ళు చుడతారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగరం ఒడ్డున జరిగిన ఫార్ములా ఇ పందెంలో మాత్రం ఆ కంబళ్ళు లేవు. ఎండకూ వానకూ ఒకే గాడుల టైరు.

మన డెల్టాలో శత్రువు చలి కాదు, చలితో వచ్చే తడి. మంచు తేమకు రోడ్డుమీది దుమ్మూ నూనే కలిసి పలచని పూత అవుతాయి. ట్రాక్టరు చక్రాలు చేలోనుంచి మోసుకువచ్చిన నల్లబంక మట్టి దానికి తోడు. కోతల రోజుల్లో ఆరబోసిన ధాన్యమూ, పరచిన గడ్డీ ఉండనే ఉన్నవి. ధాన్యపు గింజలు చక్రం కింద గోళీలవలె దొర్లుతాయి. వెడల్పాటి టైరు, అందునా గాడులు అరిగినది, నీటిని పక్కలకు తోయలేక దానిపై తేలిపోతుంది. అప్పుడు చుక్కాని తిప్పినా బండి తిరగదు.

జారుతున్నదని తోచిన క్షణంలో బ్రేకును ఒక్కుమ్మడిగా తొక్కరాదు. కాలు మెల్లగా తీసి, చూపు గుంటవైపు గాక వెళ్ళవలసిన దిక్కున నిలిపి, చక్రాన్ని అటే నెమ్మదిగా తిప్పాలి. పండుగకు కారు ఇంటి ముందు ఆగినప్పుడు, పెద్దలు టైరు పక్కన అచ్చుపడిన నాలుగంకెలు చదివి చూడవచ్చు. 3518 అని ఉంటే అది 2018లో 35వ వారంలో తయారైన టైరు. పైకి కొత్తదిగా మెరుస్తున్నా, ఏళ్ళు గడచిన రబ్బరు చలితో పనిలేకుండానే గట్టిపడి ఉంటుంది.