ఈ ఉత్తరం నిజంగా ఆయనే రాశాడా?

ఒకప్పుడు మన పల్లెల్లో ఉత్తరం రావడమంటే పెద్ద సంబరం. చదువు రాని అవ్వకు ఉత్తరం వస్తే, తెచ్చిన పోస్ట్‌మానే అరుగు మీద కూర్చుని చదివి పెట్టేవాడు. కవరు మీద లక్క ముద్ర ఉంటే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ముద్ర చెదరలేదవ్వా, ఇది మీ అబ్బాయి పంపిందే" అని చెప్పేవాడు. అవ్వ నమ్మేది. ఆమె నమ్మింది ముద్రను కాదు, పోస్ట్‌మాన్ మాటను!

ఈమెయిల్ చదివే మనమందరం ఇవాళ ఆ అవ్వలాంటి వాళ్లమే. ఈమెయిల్ మీద కూడా ముద్ర వేయవచ్చు. దాన్ని డిజిటల్ సంతకం అంటారు. కాని అది మన కంటికి ఆనదు. కంప్యూటర్‌లోని ఈమెయిల్ ప్రోగ్రాం దాన్ని పరీక్షించి, "సంతకం సరిగానే ఉంది" అని ఒక గుర్తు చూపిస్తుంది. ఆ గుర్తును ఎంతవరకు నమ్మవచ్చు? అదే ఇప్పుడు మన ప్రశ్న.

అసలు ఈమెయిల్‌కు సంతకం ఎందుకు అంటారా? 1971లో అమెరికాలో రే టాంలిన్‌సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఉత్తరం పంపినప్పుడు, ఆ సౌకర్యం వాడుకునేవారు కొద్దిమందే. కాబట్టి 'పంపినవారు' అనే గడిలో ఎవరి పేరు రాసినా అడిగే ఏర్పాటు లేదు. పోస్టుకార్డు మీద ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయవచ్చు కదా, అలాగే. ఇప్పుడు ఉత్తరాలు మోసే సర్వర్లు కొన్ని తనిఖీలు చేస్తున్నాయి. అయితే అవి ఉత్తరం ఏ సంస్థ నుంచి బయల్దేరిందో చెబుతాయి గాని, ఏ మనిషి రాశాడో చెప్పవు.

మీ హెడ్మాస్టరుగారి పేరుతో ఒక ఈమెయిల్ వచ్చిందనుకోండి. "రేపటి పరీక్ష వాయిదా వేశాం" అని అందులో ఉంది. ఎంత తియ్యటి వార్త! కాని అది వెనక బెంచీ కుర్రాడి పని కూడా కావచ్చు. తేల్చుకోవడం ఎలా?

దారి చూపినవారు విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు. ఒక్కొక్కరికి రెండేసి తాళంచెవులు ఉండాలని వారు 1976లో సూచించారు. ఒకటి రహస్యం. రెండోది అందరికీ ఇచ్చేది. రహస్య చెవితో సంతకం చేస్తే, బయటి చెవితో ఎవరైనా సరిచూసుకోవచ్చు. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు దీనికి పనికివచ్చే లెక్కను కనిపెట్టారు. వారి పేర్లలోని మొదటి అక్షరాలతో దాన్ని 'ఆర్‌ఎస్‌ఏ' అంటారు.

ఆ లెక్కను చిన్న అంకెలతో మనమే చేసి చూద్దాం. 3, 11 అనే రెండు ప్రధాన సంఖ్యలను గుణిస్తే 33. హెడ్మాస్టరుగారి బయటి చెవి 3, రహస్య చెవి 7 అనుకుందాం. ఉత్తరానికి గుర్తుగా 5 అనే సంఖ్య ఉంది. ఏడు అయిదులను ఒకదానితో ఒకటి గుణిస్తే 78,125. దాన్ని 33తో భాగిస్తే శేషం 14. ఈ 14 సంతకం! ఇప్పుడు మీరు సరిచూడండి. మూడు పధ్నాలుగులను గుణిస్తే 2,744. దాన్ని 33తో భాగిస్తే శేషం 5. లెక్క కుదిరింది. ఎవరైనా ఉత్తరాన్ని మార్చి దాని సంఖ్య 6 అయ్యేలా చేస్తే, 14 నుంచి 6 ఎన్నటికీ రాదు. 33ను చూడగానే 3, 11 అని మీరు విడగొట్టేస్తారు. అందుకే నిజమైన సంతకాల్లో 33కు బదులు 617 అంకెల సంఖ్యలు వాడుతుంటారు. వాటిని విడగొట్టడం ఇప్పటి కంప్యూటర్ల తరం కాదు. (అసలు పద్ధతిలో ఇంకొన్ని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మూల సూత్రం మాత్రం ఇదే.)

మరి ఉత్తరానికి ఆ 5 అనే సంఖ్య ఎక్కడిది? ఉత్తరంలోని ప్రతి బైట్‌నూ కలిపి చిలికి తీసిన వెన్న లాంటి సంఖ్య అది. దాన్ని 'హాష్' అంటారు. నిజానికి అది 5 లాంటి చిన్న సంఖ్య కాదు, చాలా పెద్దది. ఒక్క కామా మారినా హాష్ పూర్తిగా మారిపోతుంది.

ఇక్కడే మన తెలుగుకు ఒక చిక్కు వచ్చిపడింది. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్ చాలు. ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతిలో తెలుగు 'అ'కు మూడు బైట్లు కావాలి. 'అమ్మ' అని రాస్తే పన్నెండు! పాతకాలపు మెయిల్ యంత్రాలకు ఇంగ్లీషు అక్షరాలను మోయడమే తెలుసు. మిగతా భాషల ఉత్తరాలు వస్తే దారిలో వాటి రూపు మార్చి పంపేవి. చదివేవారికి 'అమ్మ' అమ్మగానే కనిపిస్తుంది. హాష్ మాత్రం వేరే వస్తుంది. పాపం, ఏ దొంగా ముట్టుకోకపోయినా సంతకం చెల్లదని తేలుతుంది! అందుకే 1995లో ఒక నియమం పెట్టారు. సంతకం చేయకముందే ఉత్తరాన్ని ఇంగ్లీషు అక్షరాల వేషంలోకి మార్చాలి. ఆ తర్వాత దారిలో ఎవరూ దాన్ని కదపకూడదు. అందుకున్న ప్రోగ్రాం కూడా ఆ వేషం విప్పకముందే సంతకం సరిచూడాలి.

అలా వచ్చిన ఉత్తరంలో రెండు భాగాలుంటాయి. మొదటిది ఉత్తరం, రెండోది సంతకం. సంతకాల సంగతి తెలియని ప్రోగ్రాం ఆ రెండో భాగాన్ని ఏదో జతచేసిన ఫైలుగా చూపిస్తుంది. దాన్ని తెరిచి పిచ్చి అక్షరాలు చూసి, వైరస్ అనుకుని ఉత్తరం మొత్తం పారేసినవారూ ఉన్నారు.

సంతకాల సంగతి తెలిసిన ప్రోగ్రాంలు తలో విధంగా చెబుతాయి. అవుట్‌లుక్ ఎర్ర రిబ్బను గుర్తు పెడుతుంది. కేమెయిల్ సంతకం ఉన్న భాగం చుట్టూ రంగు చట్రం గీస్తుంది. మట్ అనే ప్రోగ్రాంలో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. సంతకం ఉన్న ఉత్తరం పక్కన అది చిన్న 'ఎస్' వేసి, సరిచూశాక పెద్ద 'ఎస్' చేస్తుంది.

అంతా బాగానే ఉందనుకుంటూ ఉండగా, 2019లో జర్మనీ పరిశోధకులు కొందరు ఒక పరీక్ష చేశారు. లెక్కను విడగొట్టే ప్రయత్నం వారు చేయలేదు. చదివి పెట్టే పోస్ట్‌మాన్‌నే బోల్తా కొట్టించగలమా అని చూశారు. సంతకాల్లో పీజీపీ, ఎస్‌మైమ్ అని రెండు ముఖ్యమైన పద్ధతులున్నాయి. పీజీపీ వాడే 20 ప్రోగ్రాంలలో 14, ఎస్‌మైమ్ వాడే 22లో 15 బోల్తా పడ్డాయి!

ఎలా? ఒక పద్ధతి వింటే నవ్వొస్తుంది. కొన్ని ప్రోగ్రాంలు "సంతకం సరిగానే ఉంది" అన్న మాటను ఉత్తరం కనిపించే చోటనే చూపేవి. దొంగ ఆ మాటనే, ఆ రంగులోనే, తన ఉత్తరంలో రాసి పంపాడు. అవ్వకు పోస్ట్‌మాన్ "ముద్ర చెదరలేదు" అని చదివి వినిపించాడు. అది అతను చూసి చెప్పిన మాటా, ఉత్తరంలో రాసి ఉన్న మాటా? అరుగు మీద కూర్చుని వింటున్న అవ్వకు ఎలా తెలుస్తుంది?

రెండో పద్ధతి ఇంకా గడుసుది. హెడ్మాస్టరుగారు ఎప్పుడో సంతకం చేసి పంపిన సంక్రాంతి శుభాకాంక్షల ఉత్తరం ఒకటి దొంగ దగ్గరుంది. "పరీక్ష వాయిదా" అని పైన తను రాసి, కింద ఆ పాత ఉత్తరాన్ని సంతకంతో సహా అతికించి, కంటికి కనబడకుండా దాచాడు. ప్రోగ్రాం వెతికింది. లోపల ఎక్కడో ఒక మంచి సంతకం దొరికింది. మొత్తం ఉత్తరానికి ఆకుపచ్చ గుర్తు పెట్టేసింది!

మూడోది చాలా సులువు. దొంగ తన సొంత చెవితోనే సంతకం చేశాడు. 'పంపినవారు' గడిలో మాత్రం హెడ్మాస్టరుగారి పేరు రాశాడు. సంతకం సరైనదే కదా! అది ఎవరి సంతకమో, పైన ఎవరి పేరుందో పోల్చి చూడని ప్రోగ్రాం తలూపింది.

ఇంకో లొసుగు చాలా ఏళ్లుగా ఉన్నదే. మామూలుగా సంతకం ఉత్తరం లోపలి మాటలకే వర్తిస్తుంది. తేదీ, విషయం అనే గడులు దాని కిందికి రావు. లోపల "పరీక్ష ఒక రోజు వాయిదా వేశాం" అని హెడ్మాస్టరుగారే సంతకం చేశారు. విషయం గడిలో 'లెక్కల పరీక్ష' అని ఉంది. ఎవరో దాన్ని 'సైన్స్ పరీక్ష' అని మార్చారు. సంతకం చెక్కుచెదరలేదు!

ఇంటర్నెట్ నియమాలు రూపొందించే ఇంజనీర్ల సంఘం 2025లో ఈమెయిల్ ప్రోగ్రాంలు రాసేవారికి సలహాలు ప్రచురించింది. ఆ పై గడులను కూడా సంతకం కిందికి తెచ్చే పద్ధతి అదే ఏడాది వచ్చింది. ఉత్తరంలో ముక్కముక్కకీ ఒక గుర్తు పెట్టడం కాదు, మొత్తం ఉత్తరానికి ఒకే మాట చెప్పాలన్నది ఆ సలహాల్లో ఒకటి. ఇంకొకటి కాస్త వింతగా తోస్తుంది. సంతకం చెల్లకపోతే ఎర్రగుర్తు పెట్టి హడావిడి చేయవద్దు, అసలు సంతకమే లేని ఉత్తరంలా చూపండి అంటారు. అదేమిటి? ఆలోచించండి. ఉత్తరాన్ని మార్చగలిగిన దొంగ, చెల్లని సంతకాన్ని పీకేయలేడా? పీకేసి మామూలు ఉత్తరంలా పంపితే ఏ ఎర్రగుర్తూ రాదు. అంటే ఎర్రగుర్తు తెలివిగల దొంగను పట్టుకోదు. దారిలో ఏ వైరస్ తనిఖీ యంత్రమో "ఈ ఉత్తరాన్ని పరీక్షించాం" అని అడుగున ఒక వాక్యం చేర్చిందనుకోండి, నిజాయితీగా సంతకం చేసిన వాడి మీదే ఎర్రగుర్తు పడుతుంది. నాకైతే ఈ సలహా సబబుగానే తోస్తోంది.

ఒక్క సంగతి మిగిలింది. ఆ బయటి చెవి హెడ్మాస్టరుగారిదేనని ప్రోగ్రాంకు ఎవరు చెప్పారు? ఎస్‌మైమ్‌లో దానికి ధ్రువపత్రాలిచ్చే సంస్థలున్నాయి. మన దేశంలో డిజిటల్ సంతకానికి చట్టబద్ధత 2000 నాటి ఐటీ చట్టంతో వచ్చింది. అప్పటినుంచి ఇలాంటి సంస్థలకు ప్రభుత్వం లైసెన్సులు ఇస్తోంది. పీజీపీలోనైతే ప్రతి చెవికీ 'వేలిముద్ర' అనే పొడుగాటి సంఖ్య ఉంటుంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న చెవులకు అందులో 40 గుర్తులు. హెడ్మాస్టరుగారికి ఫోన్ చేసి, ఆ నలభైనీ ఆయన నోటే ఒక్కొక్కటిగా చదివించుకుని, మీ తెర మీద ఉన్నవాటితో సరిపోల్చుకోవాలి. పరీక్ష సంగతి కూడా ఆ ఫోన్‌లోనే అడిగేయవచ్చు కదా అంటారేమో!