తొలి చిత్రమునకు తగిన కెమెరా

పోచంపల్లి చీర సొగసు మగ్గము మీద కాదు, ఆసు వద్దనే ప్రారంభమగును. అర్ధచంద్రాకారముగ నాటిన చీలల చుట్టును పోగును చేతితో త్రిప్పి త్రిప్పి చుట్టవలెను. ఒక్క చీరకే చేయి సుమారు 9,000 సారులు అటునిటు సాగవలెనని చెప్పుదురు. తల్లి లక్ష్మి భుజము నొప్పిని చూడలేక ఆలేరు ప్రాంతవాసి చింతకింది మల్లేశం ఆసుయంత్రమును నిర్మించెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. 2019లో ఆయన జీవితము ‘మల్లేశం’ అను చలనచిత్రమయ్యెను.

చిత్రింపదగిన ఇట్టి బ్రతుకులు నల్లగొండ, పాలమూరు సీమలలో వాడవాడకు గలవు. చిత్రింపవలెనని ఉబలాటపడు విద్యార్థులును, వారిని ప్రోత్సహించు ఉపాధ్యాయులును గలరు. అయితే కథ యేదని గాక, కెమెరా యేదని మొదట అడుగుట పరిపాటియైనది. వానను నమ్ముకొని మెట్టసేద్యము చేయు కుటుంబము అప్పుచేసి కొనిన కెమెరా మూడేండ్లలో పాతబడి పెట్టెలో పడియుండుట చిన్న నష్టము కాదు. కనుక ఈ ప్రశ్నకు కొంత నెమ్మదిగా సమాధానము వెదకుట మంచిది.

పూర్వమీ చిక్కు వేరు విధముగ నుండెను. 16 మిల్లీమీటర్ల ఫిల్ము నూరడుగుల చుట్ట, సెకనుకు 24 బొమ్మల చొప్పున, 2 నిమిషముల 45 సెకనులలో అయిపోవును. దానిని కడిగించు ఖర్చు అదనము. 2008లో కెనాన్ సంస్థ ‘5డి మార్క్ 2’ను విడుదల చేసిన పిమ్మట, ఫొటోలు తీయు కెమెరాతోనే సినిమాయు తీయవచ్చునని లోకమునకు తేటపడెను. 2011లో రాంగోపాల్ వర్మ అట్టి కెమెరాలతో ‘దొంగల ముఠా’ను 5 దినములలో ముగించెను. ఆ చిత్రము బాగోగులు వేరు విషయము. 2015లో విడుదలైన ‘టాంజరీన్’ను అమెరికాలో షాన్ బేకర్ ఐఫోనుతోనే తీసెను. పేరు ఫోనుకు వచ్చినది గాని, దానికి ప్రత్యేకమైన లెన్సును తగిలించిరనియు, చేయి వణుకకుండ పట్టుకొనుటకు ఒక సాధనమును వాడిరనియు జనులు మరచిరి.

కాబట్టి మొదటి చిత్రమునకు జేబులోని ఫోను చాలునని నా అభిప్రాయము. అయితే దానిని దాని యిష్టమునకు విడువరాదు. వెలుతురును, ఫోకసును తనకు తానే మార్చుకొనకుండ బిగించు సదుపాయము గల యాప్ ఉండవలెను. ఇచ్చట ఒక మెలకువ కలదు. అమెరికా పాఠములు సెకనుకు 30 బొమ్మలు, షట్టరు 60వ వంతు అని బోధించును. అచ్చటి విద్యుత్తు సెకనుకు 60 ఆవర్తనములది. మనది 50. మన ట్యూబులైటు క్రింద ఆ లెక్కతో తీసినచో బొమ్మపై చారలు ప్రాకును, వెలుగు మినుకుమినుకుమనును. సెకనుకు 25 బొమ్మలు, షట్టరు 50వ వంతు పెట్టుకొనిన ఆ బాధ తీరును. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక ఎండ. మన చెల్కలలో మిట్టమధ్యాహ్నము ఐఎస్‌ఓ 100 వద్ద షట్టరు 50వ వంతైనచో లెన్సు రంధ్రమును ఎఫ్-22 వరకు కుదింపవలసి వచ్చును. ఎఫ్-4 వద్దనే తీయదలచినచో వెలుగును 32వ వంతునకు తగ్గింపవలెను. అందులకే ఎన్‌డి ఫిల్టరను నల్లని అద్దము. కెమెరా కొనువారు లెన్సుతో పాటు దీనినిగూడ లెక్కలో చేర్చుకొనవలెను. లెన్సులు మార్చుచు పోయినచో ఎర్రదుమ్ము లోనికి చేరును. మొదట ఒక్క లెన్సుతో సరిపెట్టుకొనుట మేలు.

ఇంటిలోపల చీకటి యెదురగును. 1956లో ‘అపరాజితో’ చిత్రమునకు కాశీలోని యింటి ముంగిలిని స్టూడియోలో కట్టినపుడు, సుబ్రత మిత్ర పైన తెల్లని గుడ్డ పరపించి దీపముల కాంతిని దానిపై కొట్టించి మెత్తగ క్రిందికి దింపెను. నేత ఊరిలో తెల్లగుడ్డకు కరవు లేదు. కిటికీ కెదురుగ ఒక దుప్పటి కట్టిన, లేక థర్మకోల్ పలక నిలిపిన, ముఖమున సగము నీడ తొలగును.

డబ్బున్నచో ముందుగా దేనిపై ఖర్చు పెట్టవలెను? ధ్వనిపైననే. బొమ్మ కొంత మసకగ నున్నను ప్రేక్షకుడు సహించును. మాట వినబడనిచో లేచిపోవును. మైకు దూరము రెట్టింపైన కొలది నోటినుండి వచ్చు శబ్దపు బలము నాలుగవ వంతగును గాని, ప్రక్కగదిలోని మగ్గపు చప్పుడు అంతగ తగ్గదు. కావున చొక్కాకు తగిలించు చిన్న మైకు, దానిని కలుపుటకు రెండవ ఫోను, గాలి హోరు నాపు నురుగుతొడుగు కావలెను. ప్రారంభమున ఒక్కసారి చప్పట్లు కొట్టినచో బొమ్మను, ధ్వనిని తరువాత జతపరచుట సులభము. దీని తరువాతి స్థానము గట్టి ట్రైపాడ్‌ది. కెమెరా పాతబడినను ఈ రెండును పాతబడవు.

ఇంతటితో తృప్తిపడక సినిమా కెమెరాయే కావలెనను వారికి ఒక హెచ్చరిక. 2013లో బ్లాక్‌మ్యాజిక్ సంస్థ తన చిన్న ‘పాకెట్’ కెమెరాను 995 డాలర్లకు ప్రకటించినపుడు అంత చౌకయా యని అందరు ఆశ్చర్యపడిరి. కాని దాని బాటరీ త్వరగ దిగిపోవును. కార్డులు త్వరగ నిండును. ఆ వెలలో లెన్సు లేదు. పెట్టె మీది వెల వేరు, పని జరుగుటకగు వెల వేరు. అట్టి కోరిక గలవారు హైదరాబాదులో రెండు దినములు అద్దెకు తెచ్చుకొనుట ఉత్తమము. నల్లగొండకైనను, మహబూబ్‌నగర్‌కైనను అది నూరు కిలోమీటర్ల దూరమే. ‘పథేర్ పాంచాలి’ తీసినది అద్దె కెమెరాతోనే. దానిని పట్టిన మిత్ర అంతకుముందు సినిమా కెమెరాను నడిపినవాడు కాడు.

ఉపాధ్యాయులకు ఇందు వేరొక స్థానమును గలదు. 1988 నాటి ‘దాసి’ చిత్రమునకు వచ్చిన జాతీయ పురస్కారములలో దుస్తుల రూపకల్పనకు వచ్చినది మిర్యాలగూడకు చెందిన చిత్రకళోపాధ్యాయుడు పిట్టంపల్లి సుదర్శన్‌కు. ‘దాసి సుదర్శన్’ అనియే ఆయనను పిలిచిరి. కెమెరా ముట్టకయే ఒక కాలపు చీరెను, తలపాగాను తెర మీద నిలిపిన బడిపంతులాయన.

నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడిచిరి. ఆ రాళ్ళు మోసిన కూలీలలో నాడు ఇరువది యేండ్లవారు నేడు ఎనుబది దాటిరి. మంచి కెమెరా వచ్చువరకు ఆగుదమను విద్యార్థికి, వారాగలేరని చెప్పవలసియున్నది. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంటసేపు తీసిన 45 జీబీలగును. రాత్రికి రాత్రే రెండు చోట్ల భద్రపరుపవలెను. ముసలమ్మను కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి, పంకా ఆపి, కోళ్ళను దూరముగ తోలించి, ముందు పేరు, ఊరు చెప్పించి, అటుపై ఏ మేస్త్రీ వెంట పోయితివమ్మా యని అడుగవలెను.