అమ్మానాన్నలు నడిచి వెళ్లగలిగే ఊరు

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను ఇర్వింగ్‌లో మనం మొదట తీసుకెళ్లే చోట్లలో విలియమ్స్ స్క్వేర్ ఒకటి. నీళ్లు చిమ్ముతూ వాగు దాటుతున్న తొమ్మిది కంచు గుర్రాల ముందు ఫొటో దిగనివాళ్లు అరుదు. శిల్పి రాబర్ట్ గ్లెన్ చేసిన ఆ గుర్రాలను 1984లో అక్కడ నిలబెట్టారు. చూడ్డానికి గొప్పగానే ఉంటాయి. కానీ చుట్టూ ఉన్నదంతా గ్రానైటే. జులై మధ్యాహ్నం ఆ రాళ్ల మీద పది నిమిషాలు నిలబడమంటే పెద్దవాళ్లు కారెప్పుడు ఎక్కిస్తావని అడుగుతారు.

ఆ గుర్రాలున్న లాస్ కొలీనాస్ తనంతట తాను పెరిగిన పేట కాదు. బెన్ కార్పెంటర్ తన కుటుంబానికి చెందిన రాంచ్ భూముల్లో 1973లో మొదలుపెట్టి, ప్లాన్ గీయించి కట్టించింది. సరస్సు, మాండలే కెనాల్, ఒడ్డున నడకదారులు, ఆఫీసు టవర్ల మధ్య తిరగడానికి స్తంభాల మీద నడిచే చిన్న రైలు. కాగితం మీద లోటేమీ లేదు. అయినా 1989లో మొదలైన ఆ రైలు 1993లో ఆగింది, 1996లో మళ్లీ కదిలింది, 2020లో మూతపడింది. నాకు తోచిన కారణం చాలా మామూలుది. ఆఫీసులు కట్టినంతగా వాటి పక్కన ఇళ్లు కట్టలేదు. ఉద్యోగులు కారులో వచ్చి కారులోనే ఇంటికి పోతే, సాయంత్రం కెనాల్ పక్కన నడిచేదెవరు?

తర్వాత సరస్సు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. 2012లో డార్ట్ ఆరెంజ్ లైన్ లాస్ కొలీనాస్‌కు వచ్చింది, 2014లో డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం దాకా వెళ్లింది. 2017లో టొయోటా మ్యూజిక్ ఫ్యాక్టరీ తెరిచారు. ఇప్పుడు ఎండ తగ్గాక అటు వెళ్తే స్ట్రోలర్ తోసుకుంటూ వచ్చే తాతయ్యలు, చీర మీద స్నీకర్లు వేసుకున్న అమ్మమ్మలు కనిపిస్తారు. నా దృష్టిలో కంచు గుర్రాల కన్నా చూడాల్సిన దృశ్యం అదే.

మరి మనం కొనే ఇళ్ల సంగతి? నాలుగు బెడ్‌రూములు, దేవుడి గది, మంచి స్కూలు చూస్తాం. అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉంటారు. విజయవాడలోనో వరంగల్‌లోనో రోజూ పొద్దున్నే వీధి చివరికెళ్లి కొత్తిమీర తెచ్చి, దారిలో నలుగురితో మాట్లాడి వచ్చే మనిషి, ఇక్కడ పెరుగు కావాలన్నా కొడుకు ఆఫీసు కాల్ అయ్యేదాకా ఆగాలి. దుకాణం దూరమై కాదు. చాలాచోట్ల అది ఇంటి వెనక గోడకు అవతలే ఉంటుంది. కాలనీకి ఒకటే గేటు కాబట్టి చుట్టూ తిరిగి, ఆరు వరుసల రోడ్డు పక్కన, నీడ లేని కాలిబాట మీద వెళ్లాలి. ఏక్తా మందిర్ మన ఊళ్లోనే ఉన్నా దర్శనానికి వారాంతం రావాల్సిందే.

ఇదంతా బిల్డర్ల తప్పేనని సరిపెట్టుకోలేం. ఎక్కడైనా ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్లో, కింద దుకాణాలతో ఇళ్లో వస్తాయంటే మన వాట్సాప్ గ్రూపుల్లోనూ సంతకాల సేకరణ మొదలవుతుంది. ట్రాఫిక్ పెరుగుతుందని, స్కూళ్లు నిండిపోతాయని, ఇంటి ధర పడిపోతుందని. స్కూళ్ల గురించిన భయం కొట్టిపారేసేది కాదు. అయితే నడిచి వెళ్లే దూరంలో దుకాణం ఉండాలంటే దాని చుట్టూ కొనేవాళ్లు ఉండాలి. పక్కన జనం వద్దు, పక్కనే కొట్టు కావాలి అంటే కుదరదు.

టెక్సస్ చట్టం ప్రకారం 200 అడుగుల లోపు స్థలానికి జోనింగ్ మార్చాలంటే నగరం ఇంటి యజమానికి ముందుగా ఉత్తరం పంపాలి. చాలామంది దాన్ని జంక్ మెయిల్‌తో కలిపి పారేస్తారు. ఈసారి వస్తే తెరిచి చూడండి. అభ్యంతరం ఉంటే హియరింగ్‌కు వెళ్లి చెప్పండి. దాంతోపాటు కాలిబాట పక్కన చెట్లు వేస్తారా, మధ్యలో కూర్చోవడానికి బెంచీ ఉంటుందా, ఆ గోడకు చిన్న గేటు పెడతారా అని కూడా అడగండి. ఆరు నెలల వీసా మీద వచ్చిన నాన్నగారికి ఆ ఉత్తరం రాదు.